బీమా ఏజెంటు కావాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జీవిత బీమా, ఆరోగ్య బీమా ఏజెంటుగా పనిచేయడానికి లైసెన్సు ఎలా వస్తుందని అడుగుతూ ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో పది మందికి పనికివచ్చే ప్రశ్నలను ఎంచుకుని ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు. నేను కూడా చాలా ఏళ్లు ఏజెంటుగా ఊళ్లు తిరిగినవాడిని కాబట్టి, నిబంధన చెప్పిన చోట నా అనుభవం కూడా అక్కడక్కడా చేర్చాను.

ప్రశ్న: నేను పదో తరగతి పాసయ్యాను. ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. హైదరాబాదులోని బీమా నియంత్రణ కార్యాలయం నుంచి ఏజెంటు లైసెన్సు తెప్పిస్తానని ఒకాయన 12 వేల రూపాయలు అడుగుతున్నారు. ఇంటర్మీడియట్ లేదు కాబట్టి ఖర్చు ఎక్కువవుతుందని అంటున్నారు. ఇవ్వవచ్చా? (పాలకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇవ్వవద్దు. ఆయన మీకు తెప్పిస్తానంటున్న లైసెన్సు ఇప్పుడు ఆ కార్యాలయం ఇవ్వడం లేదు. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే మనం ఐఆర్‌డీఏఐ అని పిలిచే సంస్థ, ప్రధాన కార్యాలయం హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉన్న మాట నిజమే. ఒకప్పుడు ఏజెంటు లైసెన్సు ఆ సంస్థ పేరు మీదే వచ్చేది. మూడేళ్లకొకసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవలసి వచ్చేది. 1938 నాటి బీమా చట్టానికి 2015లో చేసిన సవరణతో ఆ పద్ధతి పోయింది. 42వ సెక్షను ప్రకారం ఇప్పుడు ఏజెంటును నియమించేది బీమా కంపెనీయే. ఆ నియామకానికి సంబంధించిన నిబంధనలు 2016 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. జనం నోట ఇంకా లైసెన్సు అనే మాటే ఉంది గాని, మీ చేతికి వచ్చేది కంపెనీ ఇచ్చే నియామక పత్రం, దానితో పాటు ఒక గుర్తింపు కార్డు.

ఇంటర్ గురించి ఆయన చెప్పింది పాత నిబంధన. 2000 సంవత్సరపు నిబంధనల్లో, 5 వేలు లేదా అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న ఊరిలో నివసించేవారికి పన్నెండో తరగతి, అంతకంటే చిన్న ఊళ్లవారికి పదో తరగతి ఉండాలని ఉండేది. ఇప్పుడు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే సరిపోతుంది. కాబట్టి మీ చదువులో లోటేమీ లేదు.

మీరు చేయవలసింది ఇది. ముందు ఏ కంపెనీ తరఫున పనిచేయాలో నిర్ణయించుకుని, దగ్గరలోని దాని బ్రాంచికి మీరే స్వయంగా వెళ్లండి. ఎల్ఐసీ అయితే అక్కడ డెవలప్‌మెంట్ ఆఫీసరు కలుస్తారు. ప్రైవేటు కంపెనీలలో ఆ పని చూసేవారికి వేరే హోదాలు ఉంటాయి. పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు, ఫొటోలు అడుగుతారు. కంపెనీ మీకు శిక్షణ ఇప్పించి పరీక్షకు పంపుతుంది. ఎల్ఐసీలో ఈ శిక్షణ 25 గంటలు. పరీక్ష పాసయ్యాక మీ దరఖాస్తును కంపెనీలో నియుక్త అధికారి, అంటే ఏజెంట్ల నియామకం కోసం కంపెనీ పెట్టిన అధికారి, పరిశీలిస్తారు. మీరు ఇప్పటికే మరో జీవిత బీమా కంపెనీకి ఏజెంటుగా ఉన్నారా, బ్లాక్‌లిస్టులో మీ పేరు ఉందా అన్నది ఐఆర్‌డీఏఐ దగ్గరున్న ఏజెంట్ల వివరాలతో సరిచూస్తారు. అన్నీ సరిగా ఉంటే నియామక పత్రం వస్తుంది. పరీక్షకు నిర్ణయించిన రుసుము ఉంటుంది. దాన్ని కంపెనీ చెప్పిన మార్గంలో కట్టి రసీదు తీసుకోండి. రసీదు లేని ఏ రూపాయీ ఈ దారిలో అవసరం లేదు.

ఇక్కడ మన వాళ్లకు తరచుగా వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పాన్‌లో చివరన ఉండటం మామూలే. ఈ మూడింటిలో పేరు కలవక దరఖాస్తు వారాల తరబడి ఆగిపోయినవారిని నేను చూశాను. కంపెనీ మెట్లెక్కడానికి ముందే ఆధార్, పాన్ రెండూ సరిచేయించుకుంటే మీకు చాలా సమయం మిగులుతుంది.

ప్రశ్న: పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుందా? నాకు చదువు వదిలి పదిహేనేళ్లయింది. పాసవుతానా? (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తెలుగులో రాయవచ్చునమ్మా. పాఠ్యపుస్తకం కూడా తెలుగులో ఉంది. దీన్ని ఐసీ-38 అంటారు. కంప్యూటరు మీద గంట సేపట్లో 50 ప్రశ్నలకు సరైన జవాబు ఎంచుకోవాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. నూటికి 35 వస్తే పాసు, అంటే 18 ప్రశ్నలకు సరిగా గుర్తు పెడితే చాలు. పాసైనట్టు ఇచ్చే ధ్రువపత్రం మొదటి నియామకానికి 12 నెలల పాటే పనికివస్తుంది. ఆలోగా కంపెనీలో చేరకపోతే పరీక్ష మళ్లీ రాయాలి.

పాసవడానికి 18 చాలు గాని, మీరు ఆ పుస్తకాన్ని 18 మార్కుల కోసం చదవకండి. అందులో ఉన్న మూడు నాలుగు మూలసూత్రాలు ఆ తరువాత రోజూ మీ పనిలో ఎదురవుతాయి. ఉదాహరణకు, బీమా చేయించేవారికి బీమా చేయబడే ప్రాణంతో ఆర్థిక సంబంధం ఉండాలన్న సూత్రం తీసుకోండి. భర్త మీద భార్య, అప్పు తీసుకున్నవాడి మీద అప్పిచ్చినవాడు ఆ అప్పు మేరకు పాలసీ తీసుకోవచ్చు. పక్కింటివారి మీద తీసుకోకూడదు. జీవిత బీమాలో ఆ సంబంధం పాలసీ తీసుకునే రోజున ఉంటే చాలు. ఇల్లు, సరుకు వంటి ఆస్తులకు మాత్రం నష్టం జరిగిన రోజున కూడా ఉండాలి. అలాగే ఆసుపత్రి బిల్లు చెల్లించే ఆరోగ్య పాలసీ నష్టపరిహారం కిందికి వస్తుంది, అంటే అయిన ఖర్చు మేరకే చెల్లిస్తుంది. రెండు పాలసీలు ఉన్నంత మాత్రాన లక్ష రూపాయల బిల్లుకు రెండు లక్షలు రావు. జీవిత బీమాలో అలా కాదు, ఎన్ని పాలసీలుంటే అన్నింటి మొత్తమూ నామినీకి వస్తుంది. ఈ తేడా తెలియని ఏజెంటు, తనకు తెలియకుండానే అబద్ధం చెప్పేస్తాడు.

ప్రశ్న: నేను పన్నెండేళ్లుగా ఎల్ఐసీ ఏజెంటుని. నా పాలసీదారులు ఆరోగ్య బీమా కూడా మీరే చేయించండి అని అడుగుతున్నారు. నేను మరో కంపెనీ ఏజెన్సీ తీసుకుంటే ఉన్నది పోతుందా? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పోదు. చట్టం ఒక వ్యక్తికి ఒక జీవిత బీమా కంపెనీ, ఒక సాధారణ బీమా కంపెనీ, ఒక ఆరోగ్య బీమా కంపెనీ చొప్పున ఏజెన్సీ అనుమతిస్తుంది. ఒకే రకమైన బీమా మాత్రమే చేసే కంపెనీలు ఉంటే వాటిలో కూడా ఒక్కొక్కటి తీసుకోవచ్చు. ఇలా ఒకటి కంటే ఎక్కువ ఉన్నవారిని కాంపోజిట్ ఏజెంటు అంటారు. రెండు జీవిత బీమా కంపెనీలకు ఒకేసారి పనిచేయడం మాత్రం కుదరదు. మీరు కొత్త కంపెనీకి దరఖాస్తు చేసేటప్పుడు ఇప్పటికే ఎల్ఐసీ ఏజెన్సీ ఉందని అందులో తప్పక చెప్పాలి. జీవిత బీమాకు పాసైన పరీక్ష ఆరోగ్య బీమాకు సరిపోదు కాబట్టి ఆ విభాగానికి కూడా శిక్షణ, పరీక్ష ఉంటాయి.

మీకు ఉపయోగపడే విషయం మరొకటి ఉంది. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ వంటి సాధారణ బీమా కంపెనీలు వాహన బీమాతో పాటు ఆరోగ్య పాలసీలు కూడా ఇస్తాయి. స్టార్ హెల్త్, కేర్, నివా బూపా వంటివి ఆరోగ్య బీమా ప్రధానంగా పెట్టుకున్న కంపెనీలు. చట్టం దృష్టిలో ఇవి రెండూ వేర్వేరు వర్గాలు. కాబట్టి మీరు ఒక సాధారణ బీమా కంపెనీని, ఒక ఆరోగ్య బీమా కంపెనీని తీసుకుంటే, మీ పాలసీదారు ముందు రెండు కంపెనీల ఆరోగ్య పాలసీలు పెట్టి పోల్చి చెప్పగలుగుతారు. ఆ పోలిక చూపించే ఏజెంటు మన జిల్లాల్లో అరుదు. మీకున్న పన్నెండేళ్ల నమ్మకానికి అది తోడైతే మీ పాలసీదారులకు ఎంతో మేలు జరుగుతుంది.

అయితే జీవిత బీమా ఏజెంటుకు అలవాటైన తీరు ఆరోగ్య బీమాలో పనికిరాదు. జీవిత బీమా క్లెయిము ఒక పాలసీకి ఒక్కసారే వస్తుంది. ఆరోగ్య బీమాలో పాలసీదారు ఏ అర్ధరాత్రైనా ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి మీకు ఫోను చేయవచ్చు. అప్పుడు మీకు కొన్ని సంగతులు పుస్తకం చూడకుండా తెలిసి ఉండాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే వాటికి క్లెయిము రాని కాలం, 36 నెలలకు మించకూడదు, 2024కు ముందు అది 48 నెలల వరకు ఉండేది. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, మోసం నిరూపిస్తే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చకూడదు. నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగిన గంటలోగా, డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటలలోగా ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. గది అద్దె పరిమితి సంగతి అన్నింటికంటే ముందు చెప్పవలసింది. 5 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు ఒక శాతం, అంటే 5 వేలు అని ఉండి, రోగి 10 వేల గదిలో చేరితే, అద్దె తేడా ఒక్కటే కాదు, గదిని బట్టి మారే డాక్టరు ఫీజు వంటి ఖర్చుల్లో కూడా సగమే వచ్చే అవకాశం ఉంది. పాలసీ అమ్మిన రోజున ఈ ఒక్క వాక్యం చెప్పకపోతే, ఆ తేడా వచ్చిన రోజున మిమ్మల్నే నిలదీస్తారు.

ఇక్కడ ఆరోగ్యశ్రీ మాట కూడా వస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లలో చాలామంది, అది ఉండగా మాకు పాలసీ ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకండి. ఆ కుటుంబం అర్హతలోకి వస్తుందా, వారు వెళ్లే ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందా, వారికి కావలసిన చికిత్స అందులో ఉందా అని చూసి, నిజంగా అవసరం లేదనిపిస్తే అవసరం లేదనే చెప్పండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. నా భార్య పేరు మీద ఏజెన్సీ తీసుకుని, సెలవు రోజుల్లో నేనే తిరిగి పాలసీలు చేయించాలనుకుంటున్నాను. చాలామంది ఇలాగే చేస్తున్నారు కదా. (భీమవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, చాలామంది చేస్తున్న మాట నాకూ తెలుసు. అయినా మీకు ఆ దారి వద్దనే చెబుతాను. మీ భార్యగారు ఏజెంటు కావడంలో ఏ తప్పూ లేదు. ఆమె శిక్షణ పొంది, పరీక్ష రాసి, తన పని తాను చేసుకోవచ్చు. మీరు ఆమె తరఫున జనం దగ్గరకు వెళ్లి పాలసీలు అడగడమే తప్పు. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి 15వ నిబంధనలో, కుటుంబ సభ్యుల బీమా ఏజెన్సీ కోసం ఉద్యోగి ప్రచారం చేయకూడదని స్పష్టంగా ఉంది. కుటుంబంలో ఎవరైనా బీమా ఏజెన్సీ నడుపుతుంటే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలని కూడా ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు తమ ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. మీరు మీ మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి.

ఉద్యోగ నియమాల మాట అలా ఉంచినా, బీమా చట్టం వైపు నుంచి కూడా చిక్కు ఉంది. నియామకం ఎవరి పేరున ఉందో వారే ఏజెంటు. నియామకం లేకుండా ఏజెంటుగా వ్యవహరించినవారికి చట్టం 10 వేల రూపాయల వరకు జరిమానా పెట్టింది. అలాంటివారిచేత పని చేయించుకున్న కంపెనీకి కోటి రూపాయల వరకు ఉండవచ్చు. వీటన్నింటి కంటే నన్ను బాధించేది వేరు. మీ విద్యార్థి తండ్రి మీరు అడిగితే కాదనలేక పాలసీ కడతారు. మాస్టారి మొహమాటానికి కట్టిన పాలసీ రెండో ఏడాదికి ల్యాప్స్ అవుతుంది. ఆ కట్టిన డబ్బులో ఆయనకు తిరిగి వచ్చేది చాలా తక్కువ.

ప్రశ్న: నేను మా ఊరి పొదుపు సంఘంలో లెక్కలు రాస్తాను. బీమా సఖిగా చేరితే నెలకు 7 వేలు జీతం ఇస్తారంటున్నారు. నిజమేనా? (ఆదోని నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అది జీతం కాదమ్మా, స్టైపెండు. ఈ తేడా మీకు ముందే తెలియాలి. బీమా సఖి ఎల్ఐసీ పథకం, 2024 డిసెంబరు 9న ప్రధానమంత్రి హర్యానాలోని పానిపట్‌లో ప్రారంభించారు. పదో తరగతి పాసై, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న మహిళలు అర్హులు. మొదటి ఏడాది నెలకు 7 వేలు, రెండో ఏడాది 6 వేలు, మూడో ఏడాది 5 వేలు ఇస్తారు. కమీషను దీనికి అదనం. అయితే ఏడాదికి 24 మందికి పాలసీలు చేయించాలి, మొదటి సంవత్సరపు కమీషను మొత్తానికి కూడా ఒక లక్ష్యం ఉంది. మొదటి ఏడాది చేయించిన పాలసీలలో 65 శాతమైనా నడుస్తూ ఉంటేనే రెండో ఏడాది స్టైపెండు వస్తుంది, మూడో ఏడాదికీ అలాంటి షరతే ఉంది. మీరు ఉద్యోగి కారు, ఏజెంటే. శిక్షణ, పరీక్ష అందరికీ ఉన్నట్టే మీకూ ఉంటాయి. ఎల్ఐసీ ఉద్యోగులకు గాని, ఇప్పటికే ఉన్న ఏజెంట్లకు గాని దగ్గరి బంధువులైతే ఈ పథకంలోకి తీసుకోరు.

65 శాతం షరతు నాకు నచ్చింది. సంఘంలోని అక్కచెల్లెళ్లు కట్టగలిగిన ప్రీమియమే రాయించాలని అది మీకు ప్రతి నెలా గుర్తు చేస్తుంది. సంఘం రుణం ఇప్పించేటప్పుడు పాలసీని దానితో ముడిపెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. సంఘం లెక్కలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: మొదటి ప్రీమియంలో నా కమీషను వదులుకుంటే తప్ప ఎవరూ పాలసీ కట్టడం లేదు. ఇది తప్పా? ఆదాయం ఎంత వస్తుందో కూడా చెప్పండి. (నిజామాబాద్ నుంచి కొత్త ఏజెంటు)

జవాబు: తప్పే. చట్టంలోని 41వ సెక్షను ప్రకారం పాలసీ తీసుకునేలా కమీషనులో వాటా గాని, ప్రీమియంలో తగ్గింపు గాని ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉంది. మీరు ఇవ్వకపోతే పక్క వీధి ఏజెంటు ఇస్తాడని మీ బాధ. నాకు అర్థమైంది. కమీషను ఎంతని అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అలా చెప్పడం ఏజెంటు ప్రవర్తనా నియమాలలోనే ఉంది. ఆ మొత్తానికి బదులుగా ఏయే సేవ చేస్తారో కూడా చెప్పండి. తగ్గింపు కోసమే మీ దగ్గరకు వచ్చినవారు ఇంకో వంద రూపాయలు ఎక్కువ ఇచ్చేవారి దగ్గరకు వెళతారు.

ఇంతకంటే ముఖ్యమైనది 64వీబీ సెక్షను. ప్రీమియం ముందుగా అందందే కంపెనీ మీద బాధ్యత మొదలుకాదు. మీరు ఎవరి దగ్గరైనా ప్రీమియం నగదుగా తీసుకుంటే, బ్యాంకు, తపాలా సెలవులు మినహాయించి 24 గంటలలోగా మొత్తం సొమ్మూ కంపెనీకి చేర్చాలి. అందులోంచి మీ కమీషను మినహాయించుకోకూడదు. నాలుగు పాలసీల డబ్బు కలిపి సోమవారం కడదామని గురువారం నుంచి ఇంట్లో పెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ మధ్యలో మనిషికి ఏదైనా జరిగితే ఆ ఇంటికి మీరేమి జవాబు చెబుతారు? వీలైనంతవరకు పాలసీదారు ఫోను నుంచి నేరుగా కంపెనీకి కట్టించండి.

ఆదాయానికి స్థిరమైన లెక్క లేదు. 2023లో వచ్చిన నిబంధనల తరువాత ఏ పాలసీకి ఎంత కమీషను అన్నది ఆయా కంపెనీల విధానాన్ని బట్టి మారుతోంది. చేరేముందే ఆ పట్టిక రాతపూర్వకంగా అడగండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి కమీషను 20 వేలు దాటితే 2 శాతం పన్ను మూలంలోనే కోస్తున్నారు. పాన్ ఇవ్వకపోతే ఆ కోత చాలా ఎక్కువ. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై 18 శాతం ఉన్న జీఎస్‌టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించిన సంగతి మీ పాలసీదారులకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: పరీక్ష పాసైనా కంపెనీ నా దరఖాస్తును తిరస్కరించింది. కారణం చెప్పలేదు. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కారణం రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు అందిన 21 రోజులలోగా తిరస్కరణ కారణాలను తెలియజేయాలని నిబంధన. ఆ కారణం మీకు సమ్మతం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేటు అధికారికి పునఃపరిశీలన కోరుతూ రాయండి, ఆయన 15 రోజులలోగా నిర్ణయం చెప్పాలి. పూర్వం మరో కంపెనీలో ఏజెన్సీ ఉండి వదిలేసినవారైతే, అక్కడి నుంచి విరమణ ధ్రువపత్రం తీసుకున్నారో లేదో చూసుకోండి. నేను చూసిన తిరస్కరణలలో ఎక్కువ భాగం దానివల్లనే.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాము. నాకు హెచ్-4 వీసా మీద పని అనుమతి ఉంది. విజయవాడలో నాలుగేళ్లు ఏజెంటుగా చేశాను. ఆ అనుభవంతో ఇక్కడ లైసెన్సు వస్తుందా? (ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇక్కడి నియామకం అక్కడ చెల్లదమ్మా. అమెరికాలో బీమా లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. మీకు టెక్సస్ బీమా శాఖ ఇచ్చేది, జీవిత, ప్రమాద, ఆరోగ్య బీమాలకు కలిపిన జనరల్ లైన్స్ లైసెన్సు. పియర్సన్ వ్యూ కేంద్రంలో పరీక్ష, వేలిముద్రలు, ఆ తరువాత దరఖాస్తు అన్న వరుసలో వెళ్లాలి. లైసెన్సు రెండేళ్లు ఉంటుంది, ఆ కాలంలో 24 గంటల నిరంతర శిక్షణ పూర్తి చేయాలి. మరో రాష్ట్రంలో ఉన్న మనవారికి పాలసీ అమ్మాలంటే ఆ రాష్ట్రపు నాన్ రెసిడెంట్ లైసెన్సు కూడా కావాలి. మీ పని అనుమతి గడువు తేదీని గమనించుకుంటూ ఉండండి. మీ వారు హెచ్-1బీ మీద ఉంటే ఆయన పక్క ఆదాయంగా ఈ పని చేయకూడదు.

ప్రశ్న: నేను ఏజెంటుగా చేరి రెండు నెలలైంది. మా మేనమామగారికి 10 లక్షల జీవిత పాలసీ రాయించాను. ఆయనకు ఆరేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. ప్రపోజల్ ఫారంలో ఆ సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుందని, మూడేళ్లు దాటితే ఎలాగూ కంపెనీ ఏమీ అనలేదని, లేదు అని రాయమని మా పైవారు అన్నారు. అలాగే రాసి పంపాను. నిద్ర పట్టడం లేదు. (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నాయనా, మీ ఉత్తరం చదివాక మిగతా ఉత్తరాలన్నీ పక్కనపెట్టి ముందు దీనికే జవాబు రాశాను.

మీ పైవారు చెప్పినదానిలో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. 2015 సవరణ తరువాత 45వ సెక్షను ప్రకారం జీవిత బీమా పాలసీని మూడేళ్లు దాటాక ఏ కారణం మీదా ప్రశ్నించకూడదు. కానీ ఆ మూడేళ్లలోపు మీ మేనమామగారికి ఏదైనా జరిగితే? కంపెనీ ఆసుపత్రి రికార్డులు, మందుల చీటీలు తెప్పిస్తుంది. ఆరేళ్ల షుగరు ఎక్కడో ఒక చోట బయటపడుతుంది. అప్పుడు పోయేది మీ అత్తయ్యగారి డబ్బు.

ఈ సంగతి నాకు పుస్తకం నేర్పలేదు. 2006లో, నేను ఏజెంటుగా చేరిన కొత్తలో, ఒక బియ్యం వ్యాపారికి పాలసీ రాశాను. దుకాణంలో గిరాకీ ఎక్కువగా ఉంది. ఆయన సంతకం పెట్టి ఫారం నా చేతికిచ్చారు. ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలన్నింటికీ అలవాటు ప్రకారం లేదు, లేదు అని నేనే నింపుకుంటూ పోయాను, ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పద్నాలుగు నెలలకు ఆయన గుండెపోటుతో పోయారు. అంతకు మూడేళ్ల ముందు నుంచి ఆయన రక్తపోటుకు మందులు వాడుతున్నట్టు తేలింది. క్లెయిము తిరస్కరించారు. కంపెనీని నేను తప్పుపట్టలేను. ఆయన భార్య నన్ను తిట్టలేదు. మీరు అడిగి ఉంటే చెప్పేవారు కదండీ అని ఒక్క మాట అన్నారు. ఆయన నిజంగా చెప్పేవారే. దాచే మనిషి కాదు. ఆ తరువాత నేను ఒక్క ఫారం కూడా నా అంతట నేను నింపలేదు. ప్రశ్నను తెలుగులో చదివి వినిపించి, వారు చెప్పిన జవాబే రాసి, వారి చేత మళ్లీ చదివించి సంతకం పెట్టించేవాడిని. ఒక్కో ఫారానికి గంట పట్టేది.

ఏజెంటు నియామకంలో కంపెనీ మీ చేతికి ఇచ్చే అసలైన అధికారం ఆ ఫారం దగ్గరే ఉంది. కంపెనీ మనిషిని చూడదు, మీరు చూస్తారు. ఫారంతో పాటు ఏజెంటు రహస్య నివేదిక ఎందుకు అడుగుతారో ఇప్పుడు మీకు తెలుస్తుంది. ఆ వ్యక్తి ఆరోగ్యం, అలవాట్లు, ఆదాయం గురించి మీకు తెలిసినది తెలిసినట్టు రాయడం మీ బాధ్యత. తప్పుడు వివరాలు ఇచ్చేలా పాలసీదారును ప్రోత్సహించకూడదని ప్రవర్తనా నియమాలలో ఉంది. పైవారు చెప్పారన్నది మీకు రక్షణ కాదు, ఎందుకంటే ఆ ఫారం మీద ఉన్నది మీ సంతకం.

మీ విషయంలో ఇంకా ఆలస్యం కాలేదు. రేపే మేనమామగారి దగ్గరకు వెళ్లి జరిగినదంతా చెప్పండి. ఆయన సంతకంతో, షుగరు ఎన్నేళ్లుగా ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు అన్న వివరాలతో బ్రాంచికి ఒక లేఖ ఇవ్వండి. ఇటీవలి రక్తపరీక్ష, డాక్టరు చీటీ నకళ్లు జతచేయండి. మీ దగ్గర ఉంచుకునే నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రపోజల్ ఇంకా పరిశీలనలో ఉంటే కంపెనీ వైద్య పరీక్ష అడుగుతుంది, ప్రీమియం కొంత పెంచవచ్చు, లేదా ఇవ్వలేమని చెప్పవచ్చు. ఒకవేళ పాలసీ ఇప్పటికే వచ్చేసి ఉంటే కూడా లేఖ ఇవ్వండి. పాలసీ పత్రం చేతికి అందిన 30 రోజులలోగా దాన్ని వెనక్కి ఇచ్చే అవకాశం ఆయనకు ఉంది. మారిన ప్రీమియం ఆయనకు భారమైతే, 10 లక్షలకు బదులు ఆయన కట్టగలిగినంత మొత్తానికి, ఉన్న జబ్బు ఉన్నట్టు రాసి కొత్త ప్రపోజల్ ఇవ్వండి. మీ అత్తయ్యగారికి కూడా లేఖ నకలు ఒకటి ఇచ్చి, పాలసీ పత్రంతో కలిపి భద్రపరచమని చెప్పండి.